పట్నం మనదైంది, నీళ్లకు తొవ్వ ఏది?

(హైదరాబాద్‌లో ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమం నడిచిన రోజులల్ల ఏ సభకు పోయినా మనకు ఎదురైన ప్రశ్న ఒకటున్నది. ‘హైదరాబాద్‌ను ఎవరు కట్టిన్రు?’ అని. ‘మేమొచ్చి అభివృద్ధి చేసినం’ అని వాళ్లనేటోళ్లు. ‘మీరు రాకముందే ఇది పట్నం’ అని మనం జవాబు చెప్పినం. చార్మినార్ చూపించినం, హైకోర్టు చూపించినం, ఆర్ట్స్ కాలేజీ చూపించినం. 1932లోనే 27 బస్సులతో నిజాం సర్కారు బస్సులు నడిపిందని లెక్కలు చెప్పినం. 2014లో రాష్ట్రమొచ్చింది. ఉమ్మడి రాజధాని అన్న పదేళ్ల గడువు కూడా 2024 జూన్ 2న తీరిపోయింది. ఇప్పుడు హైదరాబాద్ ఎవరిదని అడిగేటోడు లేడు. పట్నం మనదే. మనదైన పట్నాన్ని మనం ఏం చేస్తున్నమన్నది మాట్లాడనీకే ఇయ్యాల వచ్చిన.

మనం గొప్పగ చెప్పుకున్న ఆ కట్టడాలు ఎట్ల వచ్చినయో ఎన్నడన్న ఆలోచించినమా? అవి రాజుగారి సరదాకు వచ్చినయి కావు. పీనుగుల నడుమ నుంచి వచ్చినయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేల మంది పోయిన్రు. పదిహేను వేలని ఎక్కువ మంది చెప్పే లెక్క. అఫ్జల్‌గంజ్ కాడ, ఇప్పటి ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఒక చింతచెట్టున్నది. ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికిన్రని చెప్తరు. దవాఖానకు పోయినోళ్లు ఎందరు దాన్ని చూసిన్రో నాకు తెల్వదు. ఈసారి పోతే ఒక్క నిమిషం దాని కింద నిలబడున్రి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీకి చీరె, పసుపు కుంకుమలు పెట్టి మొక్కిండని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటరు.

మొక్కిండు సరే, మొక్కి ఊకోలేదు. యూరప్‌లో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు కబురు పంపిన్రు. ఆయన 1909లో వచ్చిండు. వచ్చి పట్నంల కూసోలేదు, మూసీ ఎగువకు పోయిండు. నది పరీవాహకంల 788 చెరువులున్నయని లెక్క తీసిండు. చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు. వానకు అందుల 221 తెగినయి. ఒకటి తెగి కిందిదాని మీద పడ్డది, అది తెగి ఇంకోదాని మీద పడ్డది. పట్నాన్ని ముంచింది ఒట్టి వాన కాదు, తెగిన చెరువులు. అంటే పట్నం బతుకు పట్నం బయట ఉన్నదని ఆయన కనిపెట్టిండు. ఎగువన రెండు జలాశయాలు కట్టాలె, వరద నీళ్లను అక్కడే ఆపి మెల్లమెల్లగ వదలాలె, పట్నంల నది ఒడ్లను ఎత్తు చేసి తోటలు, బాటలు వేయాలె అని చెప్పిండు. అట్ల 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అదే మనం గండిపేట అంటం, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చినయి.

ఈ మాట గుర్తు పెట్టుకోన్రి, మళ్ల దీనికాడికే వస్త. ఆ రెండూ ముందుగల వరద ఆపనీకే కట్టినవి. తాగునీళ్లు దానెంబడి వచ్చిన లాభం.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేసుడు, మోరీలు కట్టుడు, తక్కువ కిరాయి ఇండ్లు కట్టుడు దాని పని. ఖైరతాబాద్ దిక్కు ఇప్పటికీ సీఐబీ క్వార్టర్స్ అంటరు. సీఐబీ అంటే ఏందని మన పిల్లగాండ్లను అడిగితే పోలీసు శాఖ అనుకుంటరు! అది ఈ బోర్డు పేరే.

పత్తర్‌గట్టి చూడున్రి. రెండు దిక్కులా రాతి కమాన్లు. దుకాణం ముందర కమాన్ల కింద నడిచే జాగ. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా మనిషి నీడపట్టున నడుస్తడు, ఆగి బేరం చేస్తడు. వానొస్తే తడవడు. దీన్ని కట్టినోడు మన ఎండను తెలిసినోడు. ఇయ్యాల అద్దాల మేడలు కడుతున్నరు. ఎండను లోపలికి రానిచ్చి, ఆ వేడిని ఏసీ పెట్టి బయటికి తోస్తున్నరు. ఆ వేడి ఎవరి మీద పడుతది? కింద బస్సు కోసం నిలబడ్డోని మీద. ఆ బస్టాపుకు నీడ ఉండదు, ఉన్నా అడ్వర్టైజ్‌మెంట్ బోర్డుకు ఉంటది, మనిషికి ఉండదు.

ఇక నది ఒడ్డు. విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి గీసిన హైకోర్టు, సిటీ కాలేజీ దక్షిణం ఒడ్డున. ఉస్మానియా దవాఖాన ఉత్తరం ఒడ్డున. తర్వాత అసఫియా లైబ్రరీ కూడా ఆ ఒడ్డునే వచ్చింది. న్యాయం, చదువు, వైద్యం, పుస్తకం, నాలుగింటినీ తెచ్చి నది ఒడ్డున పెట్టిన్రు. వేల మందిని మింగిన నదికి వీపు చూపించలేదు. నా లెక్కల హైదరాబాద్ ప్లానింగ్‌ల ఇంతకన్న పెద్ద ఆలోచన మళ్ల రాలేదు.

అట్లని నిజాం కాలమంతా స్వర్గమని నేనంటలేను. రాజు తలుచుకుంటే బస్తీ లేచిపోయేది, అడిగే హక్కు బస్తీకి లేదు. పల్లెల్ల జాగీర్దార్ల కింద వెట్టి నడిచింది. పట్నంల రాతి కమాన్ల మీద ఖర్చైన పైసలు ఆ పల్లెల శిస్తు నుంచి కూడా వచ్చినయే. ఇది మర్చిపోతే మనం చరిత్ర చెప్పినట్టు కాదు, భజన చేసినట్టు.

తర్వాతేమైంది? పట్నం పేర్లు చదువున్రి, అవే చెప్తయి. బషీర్‌బాగ్, జాంబాగ్, కిషన్‌బాగ్, బాగ్ లింగంపల్లి. బాగ్ అంటే తోట. తోటలు పోయినయి, పేర్లు మిగిలినయి. మాసాబ్‌ట్యాంక్‌ల ట్యాంక్ ఏది? కుంట అని పేరున్న బస్తీలెన్నో ఉన్నయి, వానొచ్చినప్పుడు మాత్రం అక్కడ నిజంగనే కుంట కనబడుతది. నీళ్లకు తమ జాగ యాదికున్నది, మనకే లేదు. మూసీ నడుమ లంకలో, ఇమ్లీబన్‌ల బస్‌స్టేషన్ కట్టి 1994ల తెరిచిన్రు. 2000 ఆగస్టుల పట్నం మునిగింది. నాలాల మీద సర్వేలైనయి, నివేదికలొచ్చినయి, అల్మారాలకు పోయినయి. దీన్ని మనం సమైక్య పాలకుల పాపమన్నం. అన్నది తప్పు కాదు. శిఖం భూములు లేఅవుట్లైంది ఎక్కువగ ఆ కాలంలనే. అయితే ఆ కాగితాల మీద సంతకాలు పెట్టినోళ్లల్ల మనోళ్లు లేరా? ఉన్నరు.

2007ల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేసిన్రు, 2008ల హుడా పోయి హెచ్ఎండీఏ వచ్చింది. ప్రాంతం పెరిగింది, అడిగే తావు దూరమైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. మంచిదే, లారీలకు తొవ్వైంది. కానీ పట్నంల ముసలామె ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు రోడ్డు దాటాలంటే ఇప్పటికీ దేవునికి దండం పెట్టుకోని దాటాలె.

ఇప్పుడు మనదాకా వద్దాం. 1996 మార్చిల 111 జీవో వచ్చింది. జంట జలాశయాల చుట్టు పది కిలోమీటర్ల లోపల 84 ఊర్లు, లక్షా 32 వేల ఎకరాలు. అక్కడ పెద్ద కట్టడాలు, కాలుష్య ఫ్యాక్టరీలు వద్దన్నరు. సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. 2022 ఏప్రిల్‌ల 69 జీవో తెచ్చి ఆ ఆంక్షలు ఎత్తేసింది ఎవరు? వలస పాలకులు కాదు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల, మనం ఓటేసి గెలిపించిన సర్కారు. కారణమేం చెప్పిన్రు? పట్నానికి ఆ నీళ్ల అవసరం తీరింది, కృష్ణా, గోదావరి నీళ్లొచ్చినయన్నరు.

ముందు గుర్తు పెట్టుకోమన్న మాట ఇదే. అవి వరద ఆపనీకే కట్టినవి! తాగునీళ్లు కృష్ణ నుంచి వస్తయి. వరదను ఆపేది కూడా కృష్ణ నుంచి వస్తదా? ఎగువన మట్టి ఉన్న కాడ వాన ఇంకుతది. కాంక్రీటు పోసిన కాడ అదే వాన గంటల్ల కిందికి ఉరుకుతది. పది కిలోమీటర్ల మేర నేలను కప్పేసి, కింద గేట్లు పెట్టుకున్నమని ధైర్యంగ ఉంటమా? 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఏమైందో చూసిన్రు. జంట జలాశయాల గేట్లు ఎత్తిన్రు, ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లకు మూసీ వచ్చింది, దసరాకు ఊర్లకు పోయే ప్రయాణికులను తాళ్లు పట్టి బయటికి తెచ్చిన్రు. 1908 వరద తారీఖుకు సరిగ్గ రెండు రోజుల ముందు!

ఆ 84 ఊర్ల రైతుల గోస వేరే ఉన్నది, దాన్ని నేను కాదన్న. పక్క ఊర్ల ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి అగ్గువకు పడి ఉంటే ఎవరికైనా కడుపు మండుతది. పట్నాన్ని కాపాడే భారం ఆ రైతు ఒక్కడే ఎందుకు మోయాలె? పట్నం మోయాలె. ఆయన కట్టుకోలేని హక్కును వేరే కాడ కట్టుకునేటట్టు బదలాయించే పద్ధతి మన చట్టాలల్ల ఉన్నది. రోడ్డు వెడల్పుకు వాడుతున్నరు. ఈ 84 ఊర్ల కోసం ఎందుకు వాడరు? జీవో ఎత్తేస్తే రైతు బాగుపడడు, ఆయన దగ్గర ముందే కొనిపెట్టుకున్నోడు బాగుపడతడు.

2006ల కోకాపేట భూములు వేలమేస్తే ‘తెలంగాణ భూములు అమ్ముకుంటున్నరు’ అని మనం రోడ్డెక్కినం. 2023 ఆగస్టుల అదే కోకాపేటల ఎకరం వంద కోట్లు దాటితే గర్వంగ చెప్పుకున్నం. ఎకరం వంద కోట్లైన పట్నంల క్లాస్ ఫోర్ ఉద్యోగి ఎక్కడ ఇల్లు కట్టుకోవాలె? 2019ల ఎర్రమంజిల్ కూలగొట్టి అసెంబ్లీ కడతమన్నరు, హైకోర్టు ఆపింది. ‘ఇది మా వారసత్వం’ అని ఉద్యమంల చూపించిన కట్టడాలను కాపాడనీకే మన సర్కారు మీదనే కోర్టుకు పోవాల్సి వచ్చింది.

సర్కారు మారింది. 2024ల మూసీ ఒడ్డు ఇండ్ల మీద ఆర్‌బీ ఎక్స్ అని ఎర్ర అక్షరాలు రాసిన్రు. చాదర్‌ఘాట్ దిక్కు కొన్ని కూల్చిన్రు కూడా. నదికి జాగ ఇయ్యాలన్నది సరైన మాటే, విశ్వేశ్వరయ్య కూడా ఒడ్డు ఖాళీ ఉండాలన్నడు. కానీ రేకుల ఇల్లు కనబడినంత తొందరగ పెద్ద మేడ ఎందుకు కనబడదు? మూసీని అందంగ చేస్తమంటున్నరు. ఒడ్డున టవర్లు లేపుతరా, దవాఖాన, కాలేజీ, లైబ్రరీ కడతరా? తీసేసిన కుటుంబానికి ఇచ్చే ఇల్లు ఆమె పాచిపని చేసే కాలనీకి ఎంత దూరం? బస్సున్నదా? పిల్లగాని బడి ఏమైతది? ప్లానింగ్ అంటే రంగుల బొమ్మలు కాదు, ఈ లెక్కలు.

మంచి పని కూడా ఒకటి చెప్తా, లేకుంటే అన్యాయమైతది. అంబర్‌పేటల బతుకమ్మకుంట. కబ్జాలల్ల పూడిపోయింది. తవ్వితే నీళ్లు ఊరినయి. 2025ల బాగుచేసి మళ్ల తెరిచిన్రు. ఆ బస్తీ ఆడబిడ్డలు బతుకమ్మను ప్లాస్టిక్ టబ్బుల కాదు, కుంటల ఓలలాడించుకునే రోజొచ్చింది.

విద్యార్థులకు ఒక పని చెప్పి దిగిపోత. సివిల్, ఆర్కిటెక్చర్, భూగోళం చదివేటోళ్లు పదిమంది కలిసి మీ హాస్టల్ చుట్టున్న ఒక్క నాలాను పట్టుకోన్రి. పాత రెవెన్యూ నక్షాల ఎంత వెడల్పున్నది, ఇయ్యాల ఎంతున్నది టేపు పెట్టి కొలవున్రి. రెవెన్యూల, మున్సిపాలిటీల పనిచేసే మిత్రులు ఇక్కడున్నరు, నక్షా దొరుకుతలేదని వాళ్లతోటి చెప్పించుకోకున్రి. రాసుకొచ్చింది ఈ పత్రికకు పంపున్రి, ఏ వార్డుది ఆ వార్డు పేరుతోటే అచ్చేస్తమని సంపాదకులు ఒప్పుకున్నరు.

జై తెలంగాణ!