మన త్రాడు – పరుల త్రాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పాలకడలి చిలుకునాడు మందరగిరి ఎంత అవసరమో, త్రాడైన వాసుకియు అంత అవసరమయ్యెను. మన కోనసీమలో కొబ్బరిచెట్టెక్కు మనిషికిని మోకే ఆధారము. కాన ఆ త్రాడు స్వదేశపుదే కావలెనా, పరదేశపుదైనను కావచ్చునా అని లెక్కలవాడనగు నేను జమాఖర్చు వ్రాసి చూచితిని.

1907లో రాజమహేంద్రవరమున బిపిన్ చంద్రపాలుగారు స్వదేశీవ్రతమును బోధించిరి. ఆ మాట నేటికిని గౌరవింపదగినదే. అయినను "మనది" అన్నంతనే నాసిరకము మేలురకము కాజాలదు. 1930వ దశకమున అమెరికాలో పుట్టిన నైలాను నీట కుళ్లదు. అంతర్వేది జాలరులకు వలల బాధ తగ్గించినది. ఆ మేలును కాదనుట కృతఘ్నత.

మరియొక పద్దు చూడుడు. మన కొబ్బరిడొక్కల పీచు చీనాదేశమునకు ఎగుమతి యగుచున్నది. పీచుగా పోయినప్పుడు మనకు పీచు వెలయే దక్కును. పేనిన కూలి, నేసిన కూలి అచ్చటివారి జమలో పడును. 1953నాటి చట్టముతో కాయరు బోర్డు ఏర్పడినది గాని, కొనువారు లేనిదే రాట్నము తిరుగదు.

నిరుడు నేను చవుకయని ఊరు పేరు లేని ప్లాస్టిక్ మోకు కొంటిని. అది ఎండలో పడియుండి పెళుసుబారి, దింపుకార్మికుడు బిగించి చూచునప్పుడే పుటుక్కున తెగెను. అతడింకను నేలమీదనే యుండెను గనుక బ్రదికెను. "అయ్యా, మిగిలిన రూపాయలు ఏ పద్దున వ్రాసెదరు?" అని అడిగెను. నా కలము కదలలేదు.

కాన నా తీర్పు ఇది. వలకు నైలాను మేలైనచో కొనుడు. ప్రాణము వ్రేలాడు మోకును మాత్రము, చేసినవాని నెరిగి, బరువు కట్టి పరీక్షించి కొనుడు. మన త్రాళ్లు పేనువారికి న్యాయమైన వెల నిండు. వారిని మేలైన సరకు నడుగుడు. ఈ రెండును కూడినదే స్వదేశీ.