యంత్రాజ్ఞల పదవిభజన

మన సీమలోని ఎర్రగుడి అశోకశాసనములలో ఒకదాని పంక్తులు కొన్ని, చాలు చివర ఎద్దు మళ్లినట్లు, కుడినుండి ఎడమకు సాగును. దిక్కు తెలియక చదివినచో అక్షరములు సరియైనవే, అర్థము మాత్రము శూన్యము.

కంప్యూటరు ప్రాసెసరునకిచ్చు ఆజ్ఞలు ఒకట్లు, సున్నలు. వానిని మాటలుగా విడదీయు సాధనము డిస్‌అసెంబ్లరు. మద్రాసు ఐ.ఐ.టి.వారి ‘శక్తి’ ప్రాసెసర్లు అనుసరించు రిస్క్-ఫైవ్ పద్ధతిలో కొన్ని ఆజ్ఞలు 16 బిట్లు, కొన్ని 32. ఎవరికివారు కొత్త ఆజ్ఞలనుకూడ చేర్చుకొనవచ్చును. అట్టి ఆజ్ఞ పొడవును సాధనము పొరబడెనా, దాని వెనుకనున్నవియు అపార్థములగును. కావున దోషమును కనబడినచోటనే కాక, అంతకు ముందును వెదకవలెనని మేము మనవి చేయుచున్నాము. విడదీసినదానిని మరల కూర్చి మూలముతో పోల్చుట మంచి పరీక్ష. రచన నశించి యంత్రమే మిగిలిననాడు ఈ చదువే దిక్కు.