కాసెట్టులోని గొంతును కాపాడుకుందాం

తెలుగు కామాఠీల పేరు మోసే కామాఠీపురాలో, ధారావి చాళ్ళలో, ఊరి నుంచి అమ్మ మాటలు నింపి పంపిన కాసెట్లు పెట్టెల అడుగున ఇంకా ఉండవచ్చు. అమ్మ లేకపోయినా గొంతు ఉంది. టేపు చెడకముందే కంప్యూటర్లోకి ఎక్కించండి.

మొదటి ప్రతిని కుదించకుండా వేవ్ ఫైలుగా, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, మోనోలో దాచండి. నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు పడుతుంది. బంధువులకు పంపడానికి దాని నుంచే ఎంపీత్రీ తీయండి. మాటలకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. నిమిషానికి అర మెగాబైటే. డప్పు, తాళాలున్న పాటకైతే 192 పెట్టండి.

ఎంపీత్రీ నుంచి మళ్ళీ ఎంపీత్రీ చేయకండి. చెవికి అంతగా అందని ధ్వనిని తీసేయడమే ఆ కుదింపు. ప్రతిసారీ మరికొంత పోతుంది, పోయినది తిరిగి రాదు. కాసెట్టునూ పారవేయకండి.