దొంగబాలుడు, పాతాళవాసులు



ఐర్లండు దేశమున ఓయిన్ కోల్ఫర్ అను నొక బడిపంతులు 2001వ సంవత్సరమున పిల్లలకొరకు ఒక కథాగ్రంథమును ప్రకటించెను. అందలి నాయకుని పేరు ఆర్టెమిస్ ఫౌల్. వయస్సు పండ్రెండేండ్లు. వృత్తి దొంగతనము. తాతముత్తాతలనుండి ఆ వంశమున కదియే జీవనము. కథ పిల్లలకు మిక్కిలి నచ్చుటచే 2012వ సంవత్సరము వరకు ఎనిమిది సంపుటములు వెలువడినవి. 2020లో దానిని చలనచిత్రముగా గూడ తీసిరి. ఇంగ్లీషు బడులకు పోవు మన మనుమల సంచులలో ఈ పుస్తకములు అక్కడక్కడ కానవచ్చుచున్నవి.

మిరపకోతలు ముగిసి కల్లములు నిండియున్న దినములలో, పర్చూరు ప్రాంతపు రైతొకరు ఇట్టి పుస్తకమును చేతబట్టుకొని నా యొద్దకు వచ్చెను. "పంతులుగారూ! కాయ టిక్కీల కెక్కి యార్డు చేరువరకు మాకు కంటిమీద కునుకు లేదు. దొంగల భయముచేత కల్లములోనే మంచము వేసికొని పండుకొనుచున్నాము. ఇంటికి పోయి చూతునుగదా, నా మనుమడు దొంగను పొగడు పుస్తకము చదువుచున్నాడు! దీనిని పొయ్యిలో పెట్టుమందురా, ఉంచుమందురా?" అని యడిగెను. ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది. రెండు దినములు గడువడిగి పుస్తకమును చదివితిని. ఆయనకు చెప్పినదే మీకును విన్నవించెదను.

కథ యిది. ఆర్టెమిసు తండ్రి ఓడ మునిగి జాడలేకుండ పోయెను. తల్లి ఆ దుఃఖముచే మతి చలించి, చీకటిగదిలో మంచము పట్టి, కన్నకొడుకును గూడ గుర్తింపలేని స్థితిలో నున్నది. వంశమునకు పూర్వపు సంపద మరల తేవలెనని బాలుడు సంకల్పించెను. మన యక్షులవంటి గూఢజాతి యొకటి భూమిక్రింద నగరములు కట్టుకొని నివసించుచున్నదని అతడు గ్రహించెను. వారి ధర్మగ్రంథమును ఉపాయముచే సంపాదించి, దానిలోని లిపిని విప్పి చదివెను. ఆ జాతివారు తమ మంత్రశక్తి తరిగినప్పుడు పున్నమిరేయి ఏటివంపున నున్న పురాతన వృక్షము చెంతకు వచ్చి, దాని గింజను మరల భూమిలో నాటి శక్తిని పొందవలెను. ఆర్టెమిసు అట్టి చోట పొంచియుండి హోలీ అను రక్షకోద్యోగినిని బంధించి, ఆమెను విడుచుటకు టన్ను మేలిమి బంగారము కోరెను. పాతాళవాసులు కాలమునే స్తంభింపజేసి అతని గృహమును ముట్టడించిరి. అతడు నిద్రమందు త్రావి ఆ బంధమునుండి తప్పించుకొనెను. బంగారము చేజిక్కినది. అంతట, తాను చెరబట్టిన ఆ స్త్రీనే పిలిచి, "ఇందులో సగము తిరిగి తీసికొనుము. మా తల్లిని స్వస్థురాలిని చేయుము" అని వేడుకొనెను. తల్లి స్వస్థురాలయ్యెను. తరువాతి సంపుటములలో ఆ హోలీయే అతనికి నెచ్చెలియగును.

భూమిలోని బంగారమనిన పిల్లలకు మాత్రమే ఆశ యని తలంపవలదు. లంకెబిందెల మాట చెవినిబడినంతనే నిద్రమానుకొను పెద్దలను నేనెరుగుదును. గుప్తనిధుల పేరిట పాడుగుళ్ళలో నందివిగ్రహముల నడుగంట త్రవ్వినవారు పండ్రెండేండ్ల బాలురు కారు.

ఇక మన కావ్యమునకు వత్తము. దొంగను నాయకునిగా చేసి కథ చెప్పుట ఐర్లండువారు మనకు నేర్పిన విద్య కాదు. సంస్కృతమున దండి రచించిన దశకుమారచరితమును, పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చి, తిక్కన సోమయాజికి అంకితమిచ్చెను. ఆ తిక్కన తాతయగు భాస్కరమంత్రి మన గుంటూరి నేలినవాడని ప్రసిద్ధి. మహాభారతమును తెనిగించిన మహానుభావుడు దొంగకథ గల కావ్యమునకు కృతిపతి యయ్యెను. ఈ కేతనయే యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను గూడ విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. అనగా న్యాయశాస్త్రమును, దొంగకథను ఒకే చేతితో వ్రాసినాడు. ఆ రెండింటికిని విరోధమున్నట్లు ఆయనకు తోచలేదు.

ఆ దొంగ పేరు అపహారవర్మ. రాజకుమారుని స్నేహితుడు, యువకుడు. చంపానగరము పిసినారులతో నిండియుండుట చూచి, ధనము నిలుచునది కాదని వారికి తెలియజేయ నిశ్చయించి, చోరశాస్త్రకర్తయగు కర్ణీసుతుని మార్గమును పట్టెను. చీకటిరాత్రి అతడు తీసికొనిపోవు పరికరములను దండి వరుసగా చెప్పెను. నల్లనివస్త్రము, కత్తి, పాముపడగవంటి కన్నపుకోల, గోడ కొలుచు దారము, ఎగబ్రాకుటకు త్రాడు, కన్నములో ముందుగా దూర్చి చూచుటకు మనుష్యుని తలవంటి బొమ్మ, ఇంటిలోని దీపమార్పుటకు తుమ్మెదలు నింపిన పెట్టె. ఆర్టెమిసు యంత్రములు దీనికి ఏమి మిన్న?

ఒక రాత్రి, తండ్రి ధనాశచే నిచ్చగించిన వరుని వలదని ఇల్లువెడలి, తాను వలచిన నిరుపేద ధనమిత్రుని యొద్దకు పోవు కన్య యొకతె అతనికి ఎదురయ్యెను. తోడుగా పోవుచుండగా తలారులు వచ్చిరి. అపహారవర్మ తటాలున నేలబడి పాముకరచినవానివలె బిగుసుకొనెను. కన్య భర్తకొరకువలె ఏడ్చెను. తలారుల నాయకుడు తాను గొప్ప విషవైద్యుడనని గర్వించువాడు. మంత్రములన్నియు వేసి, ఫలింపక, "వీడు చచ్చినాడు, రేపు దహనము చేయుదము" అని వెడలిపోయెను! ఈ ఘట్టమునకు నవ్వని పిల్లవాని నింతవరకు నేను చూడలేదు.

అన్నిటికంటె గొప్పది తోలుసంచి కథ. కామమంజరి యను వేశ్య విరూపకుడను వర్తకుని సర్వస్వమును హరించి, వానిని దిగంబర సన్న్యాసిగా చేసినది. అపహారవర్మ ఉత్త తోలుసంచి నొకదానిని ధనమిత్రునిచేత రాజున కెరిగింపజేసి, "ఇది వర్తకులకును వేశ్యలకును బంగారము కురియును. అయితే ముందు అన్యాయముగా దీసికొన్నది దానివారికి తిరిగి యిచ్చి, మిగిలినది దానము చేయవలెను" అని ఊరెల్ల ప్రచారము చేయించెను. ఆ సంచి చేజిక్కినంతనే కామమంజరి విరూపకుని సొమ్ము విరూపకునకు ఇచ్చివేసి, ఇల్లు ఊడ్చి దానములు చేసి, రోలు రోకలి మిగుల్చుకొని కూర్చుండెను. శిక్షాస్మృతి చేయలేని పని ఆశ చేసినది.

పాతాళలోకమును ఈ కావ్యమున లేకపోలేదు. వింధ్యారణ్యమున కిరాతులతో గూడి దోపిడులు చేసిన మాతంగుడను బ్రాహ్మణుడు కలడు. మరియొక బ్రాహ్మణుని కాపాడబోయి చచ్చి, యమపురమున నరకయాతనలు కన్నులార చూచి, తిరిగి బ్రదికెను. అటుపిమ్మట రాజవాహనుని తోడుగొని బిలమార్గమున పాతాళమునకు దిగి, అసురరాజపుత్రికను పెండ్లాడి, రాజవాహనునకు ఆకలిదప్పులు మాన్పు మణి నిప్పించెను. 1947 జూలైలో చెన్నపట్టణమున ఆరంభమైన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు పేరైనను వేసికొనక వ్రాసిన "పాతాళదుర్గము" వంటి ధారావాహికలను మీలో అనేకులు నెలనెలకు ఎదురుచూచి చదివియుందురు. పత్రిక ముద్రణ నిలిచినది గాని ఆ రుచి పిల్లలలో నిలువలేదా?

రైతుతో నేననినది యిది. దోషము వెదకుదుమేని, మన అపహారవర్మయందే అది యెక్కువ. అతడు పశ్చాత్తాపపడడు. త్రాగిన మత్తులో తలారులపై బడి పట్టువడి చెరసాల పాలగును. అక్కడినుండియు సొరంగము త్రవ్వి రాజపుత్రిక మందిరమునకే పోవును, తుదకు ఆమెను పెండ్లాడును. ఐర్లండు బాలుడు తల్లిమంచము ముందు తన కొల్లలో సగము వదలుకొనెను. పుస్తకమున నా కెక్కువగా పట్టిన భాగమదియే. మనుమడు ఆ భాగమునకు వచ్చినప్పుడు ఏమనుకొన్నాడో తాత అడిగినాడా? అడుగలేదు. ఆ రాత్రి కల్లములో మంచముమీద కూర్చుండబెట్టుకొని అడిగెనట. "బంగారమంతయు ఎందుకు ఇచ్చివేయలేదు తాతా?" అని పిల్లవాడే తిరిగి ప్రశ్నించెనట. పుస్తకము పొయ్యిలోనికి పోలేదు.

ఒక హెచ్చరిక. దశకుమారచరిత్ర పిల్లల చేతికి ఇయ్యదగినది కాదు. శృంగారము మెండు. తాతలు నోటితో చెప్పవలెను, దాటవలసిన చోట్ల దాటవలెను. తుమ్మెదల పెట్టెతో మొదలుపెట్టుడు. తుమ్మెదలు దీపమెట్లార్పునని పిల్లలు తప్పక అడుగుదురు. పెట్టె మూత తీసినంతనే వెలుగును చూచి గుంపుగా దీపముమీదికి దుముకును, రెక్కలగాలికి దీపమారునని చెప్పుడు. తరువాత పాముకాటు, ఆ తరువాత తోలుసంచి. కామమంజరి వృత్తిని గూర్చి అడిగినచో, వడ్డీవ్యాపారము చేయునదని చెప్పుడు.