గోడకూ ఒక అంచు

నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో మేడలూ రోడ్లూ కట్టిన కామాటీల పేరే కామాటిపురకు వచ్చింది. ఆ పేటలో పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న ఒంటిగది ఇల్లు, అంటే ఖోలీ, ఒకటి ఊహించుకోండి. పండగకు రంగు వేయించాలి. అమ్మ పసుపంటుంది, కొడుకు నీలమంటాడు.

తీర్పుకు ముందు చిన్న పరీక్ష. తెల్ల కాగితం మీద కుంకుమతో రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, అరనిమిషం దాన్నే చూడండి. చూపు తెల్లగోడ మీదికి తిప్పండి. ఆకుపచ్చా నీలమూ కలిసిన మచ్చ తేలుతుంది. గోడ మీద ఏమీ లేదు. ఎరుపుతో అలసిన కన్ను దాని ఎదురు రంగును తానే పుట్టించింది.

పక్కపక్కనున్న రంగులూ కన్నుతో ఇలాగే ఆడుకుంటాయి. ఒకప్పుడు ప్యారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్లనూలు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. అద్దకాల పెద్ద షెవ్రల్ పరిశీలిస్తే నలుపు బాగానే ఉంది. పక్కనున్న నీలం, ఊదా దాన్ని వెలవెలబోయేలా చూపుతున్నాయి. 1839లో ఆయన దీని మీద పెద్ద గ్రంథమే రాశాడు. తెలంగాణ నుంచి బొంబాయి మిల్లులకు వచ్చిన మన పద్మశాలీలకు ఇందులో వింతేముంది! అంచు మారిస్తే చీర బాడీ రంగే మారినట్టుంటుందని మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు.

ఇక ఖోలీ సంగతి. వెలుతురంతా గది ముందున్న గ్యాలరీ వైపు నుంచే రావాలి, లోపలి గోడ దగ్గర పగలే మసక. లేత పసుపు ఆ కాస్త వెలుతురునూ తిరిగి గదిలోకి పంపుతుంది, ముదురు నీలం మింగేస్తుంది. పసుపు కాంతి బల్బు కింద నీలం బూడిదబారుతుంది కూడా. అయినా నీలాన్ని తోసెయ్యకండి. సున్నంలో నీలిమందు కలిపింది గోడ నీలమవ్వాలనా? సున్నంలోని పసుపుచాయ విరిగి, తెల్లగా కనబడాలని.

ఇలాంటి ఖోలీలు వరసగా ఉండే చాల్‌లలో గోడకు కింద ముదురు ఆయిల్ పెయింటు, పైన లేత డిస్టెంపరు వేయడం పాత అలవాటు. వీపులు ఆనే చోట మరక పడితే తుడిచేయొచ్చు. దీన్ని చవకబారు పనని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం అదే తెలివైన కూర్పు: కింద నీలం, పైన పసుపు. గీతను నడుము ఎత్తున గీస్తే గోడ సగానికి తెగినట్టుంటుంది. నేల మీద కూర్చున్న మనిషి భుజం దాకా దించండి. ఏ కంపెనీదైనా సరే, షేడ్ కార్డులో మీకు నచ్చిన పసుపు కొనకండి, ఒక మెట్టు లేతది కొనండి. పక్కన నీలం పడగానే అది దానంతటదే చిక్కబడుతుంది.