కూలి పెరిగిన పని తగ్గునా?

కనీస వేతనము పెంచవలెనన్న మాట వచ్చినప్పుడెల్ల, కూలి పెరిగిన పని తగ్గదా యను ప్రశ్న వెంటనే వినవచ్చును. వరంగల్లులో ఈ ప్రశ్నను మేము ఇరుపక్షముల నోటను విన్నాము. ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీ దీనిని భయముతో అడుగును. ఆమెకు ఆకును, తంబాకును ఇచ్చు కార్ఖానా వాడు అదే మాటను బెదిరింపుగా వాడును. ఈ భయమెంత నిజమో, బెదిరింపెంత నిజమో తెలిసికొనుటయే మా యత్నము.

మొదట చట్టము సంగతి. 1948లో కనీస వేతనముల చట్టము వచ్చినది. దాని తొలి పట్టికను చదివిన, వరంగల్లు వారికి తమ ఊరి వర్ణనమే చదివినట్లుండును. ఉన్ని తివాచీల నేత, బియ్యపు మిల్లులు, నూనె మిల్లులు, బీడీల తయారీ, రోడ్లు, కట్టడములు, రాళ్లు కొట్టుట. రెండవ భాగమున వ్యవసాయము. 1934లో నెలకొన్న మన ఆజంజాహీ మిల్లు వంటి నూలు మిల్లులు మాత్రము అందులో లేవు. వేలమంది ఒక్క గేటు లోపల పనిచేయు చోట సంఘము పుట్టును, బేరము సాగును. ఇంటింట విడివిడిగా కూర్చుండి చుట్టువారికిని, ఊరూర చెదరియున్న కూలీలకును ఆ బలము లేదు. చట్టము వారి కొరకు పుట్టినది.

ఎంత యిచ్చిన అది కనీసము? 1957లో జరిగిన 15వ భారత కార్మిక సమ్మేళనము దీనికొక లెక్క కట్టినది. సంపాదించువాడొకడు, కుటుంబము మూడు ప్రమాణములు, ఒక్కొక్క ప్రమాణమునకు 2,700 కేలరీల ఆహారము, తలకు ఏటికి 18 గజముల చొప్పున 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు మొదలగు వానికి నూటికి ఇరువది. పిల్లల చదువు, మందులు, పండుగలు, ముసలితనము, పెండ్లిండ్లు ఇందులో లేవు. 1991లో రాప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు వానికై మరి నూటికి ఇరువదియైదు చేర్చవలెనన్నది. ఆ మూడు ప్రమాణములలో పురుషుడొకటి, ఇద్దరు పిల్లలు కలిసి ఒకటింబావుకు కొంచెము తక్కువ, స్త్రీ ఒకటికి లోటు, అనగా 0.8. మోకాలిలోతు బురదలో దినమంతయు నాట్లు వేయు స్త్రీని చూచినవారెవరును ఈ భిన్నమును వ్రాసియుండరని మాకు తోచును.

1982లో ఆసియా క్రీడల కట్టడముల కేసులో అదే న్యాయస్థానము మరొక మాట చెప్పినది. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పని రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యని. వెట్టి యన్న మాటకు అర్థము చెప్పుటకు తెలంగాణములో నిఘంటువు అక్కరలేదు.

ఇక ప్రశ్నకు వత్తము. వస్తువు ధర పెరిగిన కొనువారు తగ్గుదురు గనుక, కూలి పెరిగిన కూలీని పెట్టుకొనువారును తగ్గుదురని పాత సిద్ధాంతము. కొనువారు పలువురైన సంతలో ఇది చెల్లును. ఊరికంతటికి ఒకడే కార్ఖానాదారుడైనప్పుడో, ఎక్కువ భూమి నలుగురి చేతులలో నున్నప్పుడో చెల్లదు. అట్టిచోట యజమాని కూలిని తక్కువగా నిలుపుటకై కొందరిని పనిలోనికి తీసికొనక వదలును. ఒక్కరికి పెంచిన అందరికి పెంచవలసి వచ్చునని అతని జంకు. కనిష్ఠ రేటు నొకదానిని పైనుండి నిలిపిన ఆ జంకు పోవును. కూలియు పెరుగును, పనియు తగ్గకపోవచ్చును.

ఇది కాగితము మీది తర్కము కాదు. 1992 ఏప్రిల్ 1న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రము గంట కూలిని 4.25 డాలర్ల నుండి 5.05కు పెంచెను. డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ అనువారు అక్కడను, కూలి మారని పొరుగు పెన్సిల్వేనియాలోను 410 ఫలహారశాలలలో పనివారిని లెక్కించిరి. పని తగ్గినట్లు కానరాలేదు. ఫలహారముల ధర మాత్రము కొంత పెరిగినది.

దానికంటె మనకు దగ్గరి సాక్ష్యము మన పొరుగుననే కలదు. 2006లో ఉపాధి హామీ పనులు ఆరంభమైనప్పుడు తొలి 200 జిల్లాలలో వరంగల్లు ఒకటి. తరువాత కొన్నేండ్లకు నాటి ఆంధ్రప్రదేశములో ఆ కూలిని కార్డుల ద్వారా సక్రమముగా చెల్లించు పద్ధతిని ఖమ్మము, నల్లగొండ, ఆదిలాబాదు మొదలగు ఎనిమిది జిల్లాలలో చీట్లు తీసినట్లుగా కొన్ని మండలములలో ముందు, కొన్నిట తరువాత ప్రవేశపెట్టిరి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ వానిని సరిపోల్చిరి. పద్ధతి ముందుగా వచ్చిన మండలములలో పేద కుటుంబముల రాబడి నూటికి 14 వంతులు పెరిగినది. అందులో మిక్కిలి భాగము ప్రభుత్వపు పని వలన వచ్చినది కాదు. బయటి కూలియే నూటికి 11 వంతులు పెరిగినది. వింత యేమనగా, బయటి పనియు తగ్గక పెరిగినది. భూమి కొద్దిమంది చేతులలో నున్నచోట ఈ ఫలము మరింత స్పష్టము.

అయితే బీడీలు చుట్టు స్త్రీ భయము వట్టిది కాదు. 1966లో బీడీ, సిగారు కార్మికుల చట్టము వచ్చినది. 1968లో కేరళ దానిని అమలు జరుపబోగా, మంగుళూరు గణేశ్ బీడీ కంపెనీ కన్ననూరు ప్రాంతమున తన పనిని మూసివేసినది. సుమారు 12 వేలమంది వీథిన పడిరి. 1969లో వారే సర్కారు తోడ్పాటుతో దినేశ్ బీడీ సహకార సంఘము పెట్టుకొని నిలిచిరి గాని, అట్టి సంఘములు అన్నిచోట్ల పుట్టవు. ఇల్లు కార్మికురాలితో కదలదు. బీడీ ఆకు సంచి మాత్రము రాష్ట్రము సరిహద్దును సులభముగా దాటును.

పారిపోకయు తప్పించుకొనవచ్చును. వేయి బీడీలకు రేటు పెరిగిన మరునాడే ఆకు తక్కువగా తూగును, లేక చిల్లుల ఆకు వచ్చును. లోటును చుట్టువారే బజారులో కొని పూడ్చవలెను. బాగులేవని కొన్ని తీసివేయుదురు. రేటు కాగితము మీద పెరిగినను చేతికి వచ్చునది పెరగదు. రేటు పెంచు ఉత్తరువుకంటె ఆకును తూచు త్రాసును తనిఖీ చేయుట ఎక్కువ మేలని మా అభిప్రాయము.

పొలములో కథ వేరు. కోత యంత్రము వచ్చినది. కోత కూలి పోయినది. దీనికి కూలి పెరుగుటయొక్కటే కారణమనుట తొందరపాటు. ఒకే వారములో అందరి వరియు పండునప్పుడు కూలీలు దొరకరు, పైన మబ్బు కనబడును. పత్తి ఏరుటకు మాత్రము నేటికిని చేతులే కావలెను. అక్కడ కిలోకు కూలి గట్టిగానే అడుగుచున్నారు.

కన్ననూరులో జరిగినది మరల జరుగకుండుటకు ఉపాయము దేశమంతటికి ఒక కనిష్ఠ రేటు. 2017లో కేంద్రము దినమునకు 176 రూపాయలని యొక రేటు చెప్పినది గాని, దానికి చట్టబలము లేకుండెను. 2019 నాటి వేతనముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చుటతో, ఆ కనిష్ఠ రేటును నిర్ణయించు అధికారము కేంద్రమునకు చిక్కినది. ఏ రాష్ట్రమును అంతకు తగ్గరాదు. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా వస్త్ర పార్కులో మగ్గము నడుపు మన పిల్లలకు, తక్కువ కూలి గల మరొక రాష్ట్రమును చూపి బెదిరించుట ఎంతవరకు సాగునో ఆ అంకెపై ఆధారపడియుండును.