మెట్టుగుట్ట కింద బండ

(సమాఖ్య వార్షిక మహాసభలో మడికొండ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అన్న లెక్కలు ఈ రిపోర్టులనే అచ్చయినయి. అవి మీరు చూసుకోవచ్చు. మాకిచ్చిన ఈ పది నిమిషాలల్ల లెక్కలకు రాని ముచ్చట ఒకటి చెప్పాలనుకున్నం. మేము చేసిన మంచి పని గురించి కాదు. ముందుగాల మేము చేసిన తప్పు గురించి.

మా సంఘంల ఒక అక్క ఉన్నది. పేరు చెప్పొద్దన్నది, చెప్పం. బడిల మధ్యాహ్న భోజనం వండుతది. తెల్లారకముందే లేచి ఇంటి పని, తర్వాత బడి పని, గిన్నెలు తోమి బయటపడేసరికి రెండున్నర అయితది. నాలుగింటికి పిల్లలు ఇంటికొస్తరు. ఆ నడుమ ఉన్న గంట సేపు ఆమె ఇంటికి పోదు. మెట్టుగుట్ట కింద చెట్టు నీడకు ఒక బండ ఉన్నది. ఆ బండ మీద కూసోని, సంచిలకెళ్లి పుస్తకం తీసి చదువుతది. అంతే. ఇంకేం లేదు.

ఇంట్లనే చదువుకోవచ్చు కదా అని మేము గూడ అడిగినం. "ఇంట్ల కూసుంటే ఎవలో ఒకలు పిలుస్తరు. ఖాళీగ కనవడితే చాయ్ పెట్టుమంటరు. ఇక్కడైతే నన్ను పిలిచేటోళ్లు లేరు" అన్నది.

ఇది ఊరి కండ్లల్ల పడ్డది. మెట్టుగుట్ట మీకు కొత్త కాదు. శివరాత్రికి రామలింగేశ్వరస్వామి దర్శనానికి మీరంతా వచ్చినోళ్లే. అక్కడ ఒక ఆడామె కండ్లు మూసుకొని గంట సేపు కూసుంటే ఎంత భక్తో అంటరు. అదే జాగల కండ్లు తెరిచి పుస్తకం చూసుకుంట కూసుంటే, ఎవల కోసం చూస్తున్నదో అంటరు. బండ్ల మీద పోయే పిలగాండ్లు హారన్ కొట్టి పోయేటోళ్లు. ఒక పెద్దమనిషి అయితే నిలబడి, "ఏమమ్మా, కలెక్టర్ పరీక్షకు చదువుతున్నవా?" అని అడిగిండట. చాయ్ హోటల్ ముందు పొద్దటి పేపరు పొద్దుమూకేదాక చదివేటోళ్లను ఏ పరీక్షకు అని ఎవ్వలు అడగరు.

ఆమె అత్త ఊకోలే. ఆడిబిడ్డ ఊకోలే. భర్త కొట్టలే, తిట్టలే, కానీ "నలుగురు నన్ను అడుగుతున్నరు, నేనేం చెప్పాలె" అన్నడు. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలిందని ఆమె మాకు తర్వాత చెప్పింది.

ఇగ మా తప్పు. ఆ అక్క కుట్టు మిషన్ కొనుక్కుంటనని సంఘం నుంచి అంతర్గత అప్పు అడిగింది. 12 వేలు. మీటింగుల ఒకామె, "ఆమెకు రోజు గంట సేపు ఖాళీగ కూసునే తీరిక ఉన్నది, ఇగ కుట్టుడెప్పుడు, కిస్తు కట్టుడెప్పుడు?" అన్నది. ఇంకొకామె "సంఘం పరువు గూడ చూసుకోవాలె" అన్నది. లీడర్లుగ మేము ఏమనాలె? "ముందు బుక్కులు తియ్యండి, ఆమె కిస్తులు చూద్దాం" అనాలె. అనలే. "వచ్చే నెల చూద్దాం" అన్నం. మినిట్స్ బుక్కుల గూడ అట్లనే రాసినం. ఆ పేజీ ఇప్పటికీ ఉన్నది.

వచ్చే నెల ఆమె మీటింగుకు రాలే. పొదుపు పైసలు చిన్న బిడ్డతోని పంపింది. ఆ తర్వాత కొద్ది రోజులకే బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని సంఘాలకు వచ్చింది. మిషన్ ఉన్నోళ్లంతా కుట్టి సంపాదించుకున్నరు. ఆమెకు మిషన్ లేదు. మేమియ్యలే.

అప్పుడు మా బుక్ కీపర్ చెల్లె లెడ్జర్ తీసి మా ముంగట పెట్టింది. ఆ అక్క మూడేండ్లల్ల ఒక్క కిస్తు ఆపలే. తీరిక ఉన్నదని ఎత్తిపొడిచినామెవి అదే మూడేండ్లల్ల నాలుగు కిస్తులు ఆలస్యం. పంచసూత్రాలల్ల బుక్కులు సరిగ్గ రాయాలన్నది ఒకటి. రాసుడు రాసినం, చదువుడు మరిచిపోయినం. నిజం చెప్పాలంటే మాలో చాలామంది పదో తరగతి అయినంక చదివింది కరెంటు బిల్లు, రేషన్ కార్డు, బ్యాంకు కాగితాల మీద "ఇక్కడ సంతకం" అన్న కాడ మాత్రమే.

మేము ఐదుగురం కలిసి ఆమె ఇంటికి పోయినం. అప్పు ఇచ్చినం. అత్తను ఒప్పియ్యాలని మస్తు ముచ్చట్లు తయారు చేసుకొని పోయినం. చదువుతోని ఏమేం లాభమో చెప్పినం. నెల్లూరు జిల్లా దూబగుంట ముచ్చట చెప్పినం. 1990 తర్వాత అక్కడ అక్షరదీపం అని రాత్రిబడులు నడిచినయి. వాచకంల సీతమ్మ కథ అనే పాఠం ఉండె. అది చదివిన ఆడోళ్లు, ఇది మన ఇంటి కథనే కదా అనుకొని సారా దుకాణం మూయించిండ్రు. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటరు. అది ఊరూరికి పాకి 1993 అక్టోబరుల సర్కారు సారా బంద్ పెట్టింది. ఆ సారా కాడ మిగిలిన పైసలతోనే నెల్లూరుల పొదుపు సంఘాలు పెరిగినయి. అంటే మన సంఘాల వేరు గూడ ఒక వాచకంల ఉన్నది. ఇదంతా అత్తకు జోరుగ చెప్పినం.

అత్త తల ఊపింది. కానీ ఆ అక్క నవ్వింది. "మీరు చెప్పేది మంచిదే. కానీ నేను సారా బంద్ పెట్టనీకి చదువుతలేను. పరీక్షకు చదువుతలేను. కథ బాగున్నదని చదువుతున్న. ఆ గంట నాకు మంచిగనిపిస్తది. అది సరిపోదా?" అన్నది.

మేము తెచ్చుకున్న ముచ్చట్లన్ని అక్కడ ఆగిపోయినయి. ఎందుకంటే మేము గూడ ఆమెకు ఒక పని అంటగట్టి కాపాడాలని చూసినం. లాభం లేకుండ ఆడామె కూసోవచ్చు అన్న మాట మా నోట్లకెళ్లి రాలే. మగవాళ్లు రచ్చకట్ట మీద కూసునేదానికి లాభం ఎంత అని మనం ఎప్పుడన్న అడిగినమా?

మా ఊరికి చదువు కొత్త కాదు. కాళోజీ నారాయణరావు గారు పుట్టింది కర్ణాటకల రట్టిహళ్లి అయినా, పెరిగింది మడికొండలనే. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగ జరుపుకుంటున్నం. పోతన చరిత్రము రాసిన వానమామలై వరదాచార్యులు గారు పుట్టింది మడికొండల. పక్కన హనుమకొండల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల పెట్టిండ్రు. ఆడోళ్ల ముచ్చటకొస్తే, భండారు అచ్చమాంబ గారు బడికి పోకుండనే తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూసోని నేర్చుకున్నదట. 1902ల ధనత్రయోదశి అనే కథ రాసింది, అదే ఏడాది బందరుల స్త్రీ సమాజం పెట్టే పనిల గూడ ఉన్నది. ఈ సంగతులు మాకు ఆ అక్కనే చెప్పింది, మేము చెప్పింది కాదు.

ఆ తర్వాత ఒక ఆదివారం మేము ఆరుగురం మెట్టుగుట్ట కాడికి పోయినం. సిగ్గు పడుకుంటనే చెప్తున్నం, ఊకె కూసునుడు మాకు రాదు. ఒకామె చేతులు ఖాళీగున్నయని కొంగు మడుచుకుంట విప్పుకుంట ఉన్నది. ఒకామె ఫోను మూడుసార్లు మోగింది, మూడుసార్లు ఇంటికెళ్లే. ఉప్పు డబ్బ ఎక్కడున్నది అని. కోతి ఒకటి వచ్చి సంచిల పల్లీలు ఎత్తుకపోయింది, దాని ఎనుక సగం మంది ఉరికినం. అరగంట అయినంక అందరు నిమ్మలపడ్డరు. గాలికి పేజీలు మలుగుతుంటే బొటనవేలితోని పట్టుకొని చదివినం. చదువు రాని పెద్దమ్మ ఒకామె మాతోని వచ్చింది. పిల్లల పుస్తకంల బొమ్మలు చూసుకుంట, "బియ్యం ఏరకుండ, బీడీ చుట్టకుండ గింత సేపు కూసున్నది ఇదే మొదటిసారి బిడ్డా" అన్నది. అప్పుడు ఆమెకు మేము కథ చదివి వినిపించినం.

మళ్ల హారన్ కొట్టిండ్రు. ఆరుగురం ఒకేసారి తల ఎత్తి చూసినం. ఆ పిలగాడు బండి వేగం పెంచి పోయిండు.

బెంగళూరు కబ్బన్ పార్కుల శనివారం శనివారం ఎవల పుస్తకం వాళ్లు తెచ్చుకొని, మాట్లాడకుండ గడ్డి మీద కూసోని చదువుకుంటరట. అది పెద్ద పట్నం. అక్కడ ఎవలు ఎవల కోడలో ఎవలికి తెల్వది. మా ఊర్ల అందరికి తెలుసు, అందుకే ఒక్కరు కూసునే కన్నా ఆరుగురు కూసునుడు అల్కగుంటది. అయితే ఆ అక్క మాత్రం, ఆదివారాలు మీతోని వస్త, మిగతా రోజులు నన్ను ఒంటరిగనే విడిచిపెట్టుండ్రి అన్నది. సరేనన్నం. ఇప్పుడు మేము ఆ బాటల పోయినా ఆమెను పలకరియ్యం. పలకరియ్యకుండ పోవుడు గూడ నేర్చుకోవలసిన పనే.

ఆమె అత్త మారిందా అంటే, పూర్తిగ మారలే. అప్పుడప్పుడు అంటనే ఉంటది. యూనిఫాంల పైసలు ఆమెకు మేము తిరిగి తెచ్చియ్యలేకపోయినం గూడ.

చివరికి రెండు సంగతులు. ఇంటి పన్ను కట్టేటప్పుడు రసీదు చూడుండ్రి. దాంట్ల పన్ను రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ సెస్సు ఉంటది. అంటే లైబ్రరీల పుస్తకాలకు మనం ఇప్పటికే పైసలు కడుతున్నం. పోయి సభ్యత్వం రాయించుకొని తెచ్చుకోండి. రెండోది, వచ్చే ఆదివారం నాలుగింటికి మేము మెట్టుగుట్ట కిందనే ఉంటం. రావాలనుకున్నోళ్లు చాప తెచ్చుకోండి, బండ ఎండకు కాలి ఉంటది. పల్లీలు మాత్రం తేవొద్దు.